సగం కంపెనీది, సగం మీది: ఐపీవీ6 అడ్రస్‌ను ఎలా చదవాలి, ఎక్కడ తేడా కొడుతుంది

విశాఖలో మొబైల్ డేటా ఆన్‌లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకుని సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరవండి. ఐపీ అడ్రస్ (నెట్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తించే నంబర్) అన్న చోట చాలా ఫోన్లలో ఒకటి కాదు, రెండు మూడు వరసలు కనిపిస్తాయి. 192.0.0.4 లాంటి పొట్టి నంబర్ ఒకటి, 2409తోనో 2401తోనో మొదలయ్యే పొడవాటిది ఒకటి, ఎఫ్‌ఈ80తో మొదలయ్యేది ఇంకొకటి. చుక్కలతో నాలుగు ముక్కలుగా ఉన్నది పాతకాలపు ఐపీవీ4. కోలన్లతో సాగేవి ఐపీవీ6. (వీటి మధ్యలో వచ్చే ఏ నుంచి ఎఫ్ వరకు ఆరు అక్షరాలు తెర మీద ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఇక్కడ వాటిని తెలుగులో రాశాం.)

ఫోన్‌లో ఎవరికీ తెలియకుండా సాఫీగా నడిచిపోయే ఈ ఐపీవీ6, ఇంట్లో ఫైబర్ కనెక్షన్ దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది. కొత్త టెక్నాలజీ కాబట్టి అలా ఉంటుందనుకోవడానికి లేదు. దీని స్పెసిఫికేషన్ 1998 డిసెంబరులోనే వచ్చింది, 2017 జులైలో పూర్తి స్థాయి ప్రమాణమైంది. నంబర్లకు కరువున్న రోజుల్లో అబ్బిన పొదుపు అలవాట్లను, నంబర్లు పుష్కలంగా ఉన్న చోటికీ మోసుకురావడం వల్లే సగం తిప్పలు.

ఆ కరువు సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ఐపీవీ4 అడ్రస్‌లో 32 బిట్లు (ఒక్కో బిట్ 0 లేదా 1). మొత్తం అడ్రస్‌లు 429,49,67,296. ప్రపంచ స్థాయి నిల్వలో మిగిలిన చివరి బ్లాకులు 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి నంబర్లిచ్చే ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్ 15న ఆఖరి బ్లాకుకు చేరి రేషన్ మొదలుపెట్టింది. అప్పటి నుంచి నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రస్‌ను పదుల, వందల కనెక్షన్లకు కలిపి వాడుతున్నాయి. దాన్నే సీజీనాట్ అంటారు. రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రూటర్‌కు బయటి వైపున్న అడ్రస్) 100.64 నుంచి 100.127 లోపు ఉంటే ఆ కనెక్షన్ సీజీనాట్ వెనక ఉన్నట్టే. ఈ పనికోసమే ఆ నంబర్లను 2012లో పక్కన పెట్టారు. కొన్ని కంపెనీలు 10తో మొదలయ్యేవి కూడా ఇస్తాయి. ఫలితం ఒకటే: బయటి నుంచి ఇంట్లోకి నేరుగా రావడానికి దారి ఉండదు.

రాసే పద్ధతి

ఐపీవీ6 అడ్రస్‌లో 128 బిట్లు. పదహారేసి బిట్ల చొప్పున ఎనిమిది గుంపులు, గుంపుకు నాలుగు అంకెలు, గుంపుల మధ్య కోలన్. గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్ (సైట్ పేరుకు నంబర్ వెతికిపెట్టే సేవ) అడ్రస్ పూర్తిగా రాస్తే 2001:4860:4860:0000:0000:0000:0000:8888. ఇంత రాయలేం కాబట్టి రెండు కుదింపులున్నాయి. గుంపు ముందున్న సున్నాలు తీసేయొచ్చు: 0045 అంటే 45. వెనకున్నవి తీయకూడదు, 4500ను 45 చేస్తే అది వేరే నంబర్. రెండోది, వరసగా వచ్చే సున్నా గుంపులన్నిటినీ కలిపి జంట కోలన్‌గా రాయొచ్చు. అందుకే పై అడ్రస్ 2001:4860:4860::8888 అయింది.

జంట కోలన్ అడ్రస్‌లో ఒక్కసారే రావాలి. 2001::5::7 అని రాస్తే మిగిలిన ఐదు సున్నా గుంపుల్లో ఎడమవైపు ఎన్ని, కుడివైపు ఎన్ని అన్నది తేలదు. నాలుగు రకాలుగా పంచొచ్చు. సున్నాల వరసలు రెండు చోట్ల ఉంటే పొడవైనదాన్నే కుదించాలి, రెండూ సమానమైతే ఎడమదాన్ని. 2010లో వచ్చిన సిఫారసు ఇది. చూడ్డానికి చాదస్తంలా ఉంటుంది గానీ, లాగ్ ఫైల్‌లో ఒకే అడ్రస్ మూడు రూపాల్లో పడి ఉంటే వెతికేవాడికి దాని విలువ తెలుస్తుంది.

పోర్ట్ నంబర్ (ఒకే పరికరంలో ఏ సేవకో చెప్పే నంబర్) జోడించాల్సి వస్తే అడ్రస్‌ను చదరపు బ్రాకెట్లలో పెట్టాలి: [2606:4700:4700::1111]:443. బ్రాకెట్లు లేకపోతే 443 కూడా అడ్రస్‌లో గుంపే అనుకుంటుంది సాఫ్ట్‌వేర్. రూటర్ పేజీని, కెమెరాను బ్రౌజర్‌లో నేరుగా తెరవబోయి ‘పని చేయడం లేదు’ అని వదిలేసే సందర్భాల్లో ఈ బ్రాకెట్ల లోపమే తరచూ ఉంటుంది.

ఎడమ సగం: ఎవరి చేతిలో ఎంత

పూర్తి అడ్రస్‌ను నడిమికి విరిస్తే ఎడమవైపు 64 బిట్లు నెట్‌వర్క్‌ను చెబుతాయి, కుడివైపు 64 ఆ నెట్‌వర్క్‌లోని పరికరాన్ని. స్లాష్ తర్వాత రాసే నంబర్ ఎడమ నుంచి ఎన్ని బిట్లు ఖరారయ్యాయో చెబుతుంది. ఆ ఖరారైన భాగమే ప్రిఫిక్స్.

ఖరారు చేసుకుంటూ వచ్చే వరస చూడండి. ఇంటర్నెట్‌లో తిరిగే మామూలు అడ్రస్‌లన్నీ 2000::/3 నుంచి వస్తాయి, అంటే 2తోగానీ 3తోగానీ మొదలవుతాయి. 2006లో 2400::/12 అనే పెద్ద బ్లాకు ఏపీనిక్‌కు వెళ్లింది. మన దేశంలో ఆ కింద ఐరిన్ ఉంది. నిక్సీ (దేశంలో ఇంటర్నెట్ ఎక్స్ఛేంజీలు నడిపే సంస్థ) ఆధ్వర్యంలో 2012 నుంచి నంబర్లు పంచుతోంది. నెట్ కంపెనీకి మామూలుగా కనీసం ఒక /32 దక్కుతుంది. జియో ఫోన్లలో 2409:4 అని, ఎయిర్‌టెల్‌లో 2401:4900 అని మొదలయ్యేది అలా వచ్చినదే.

విశాఖ డోర్ నంబర్లలో వార్డు, బ్లాకు, ఇల్లు ఎడమ నుంచి కుడికి ఎలా సన్నబడతాయో ఇదీ అలాగే. దూరాన ఉన్న రూటర్‌కు మొదటి ముక్క తెలిస్తే చాలు. ఇల్లు వెతకడం ఊళ్లోకి వచ్చాక చూసుకోవచ్చు. పోలిక మాత్రం అక్కడితో ఆపాలి. డోర్ నంబర్ ఇంటిది, ప్రిఫిక్స్ కంపెనీది. కనెక్షన్ మారిస్తే ఎడమ సగం మొత్తం మారిపోతుంది. పైగా ఈ నంబర్‌ను బట్టి ఊరు కచ్చితంగా చెప్పలేం. టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. ఎంవీపీ కాలనీలో కూర్చున్న ఫోన్‌ను వెబ్‌సైట్ హైదరాబాద్ అని చూపిస్తే అందులో వింతేమీ లేదు, ట్రాఫిక్ బయటికి దూకే గేట్‌వే అక్కడ ఉండొచ్చు.

అసలు ప్రశ్న, కంపెనీ తన /32 నుంచి ఒక ఇంటికి ఎంత ఇవ్వాలి అన్నది. /56 ఇస్తే ఆ ఇంట్లో 256 విడివిడి నెట్‌వర్క్‌లు పెట్టుకోవచ్చు. /60 అయితే 16. ఆఫీసుకో కాలేజీకో ఇచ్చే /48లో 65,536. ఒక్క /64 ఇస్తే ఒక్కటే నెట్‌వర్క్, దాన్ని ఇక చీల్చే వీల్లేదు. ఇంత ఇస్తే అయిపోవా అన్న అనుమానం సహజం. ఒక /32లో 1,67,77,216 /56లు ఉంటాయి. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి విశాఖ జిల్లా జనాభా దాదాపు 43 లక్షలు. ఇంటికొకటి కాదు, పసిపిల్లలతో సహా మనిషికొక /56 పంచినా దాదాపు నాలుగింట మూడొంతులు మిగిలే ఉంటాయి. ఇంటికి /64తో సరిపెట్టే కంపెనీకి అలవాటు తప్ప మరో కారణం కనిపించదు.

ఉదాహరణకు కంపెనీ 2001:డీబీ8:45:6700::/56 ఇచ్చిందనుకుందాం (2001:డీబీ8 అన్నది ఇలాంటి ఉదాహరణలకోసం కేటాయించిన బ్లాకు, నిజంగా ఎవరికీ ఇవ్వరు). నాలుగో గుంపులో 67 వరకు కంపెనీ ఖరారు చేసింది, చివరి రెండంకెలు ఇంటివాళ్లవి. 6701 ఇంటి వైఫైకి, 6702 వచ్చేపోయే అతిథులకు, 6710 సీసీ కెమెరాలకు. కెమెరాలను ఇంటి లాప్‌టాప్‌లున్న నెట్‌వర్క్‌లో కలపకుండా ఉంచడం భద్రత దృష్ట్యా చాలా మేలు. /64 మాత్రమే వస్తే ఈ ఏర్పాటు కుదరదు.

కుడి సగం: పరికరం తనకు తానే

ఐపీవీ4లో రూటర్ డీహెచ్‌సీపీతో ఒక్కో పరికరానికి ఒక్కో నంబర్ పంచిపెడుతుంది. ఐపీవీ6లో పరికరమే తన నంబర్ తయారు చేసుకుంటుంది. వైఫైలో చేరగానే ముందుగా ఎఫ్‌ఈ80తో మొదలయ్యే లింక్-లోకల్ అడ్రస్ ఒకటి పెట్టుకుంటుంది. అది ఆ వైఫై దాటి పోదు. ఇదే అడ్రస్ ఇంకెవరైనా వాడుతున్నారా అని చుట్టుపక్కల అడుగుతుంది. జవాబు రాకపోతే ఎఫ్‌ఎఫ్02::2కు, అంటే అక్కడున్న రూటర్లన్నిటికీ, ఒక కేక వేస్తుంది. రూటర్ బదులిస్తూ /64 ప్రిఫిక్స్, దాని గడువు, డీఎన్ఎస్ వివరాలు పంపుతుంది. ఆ ప్రిఫిక్స్‌కు తన 64 బిట్లు జోడించుకుని పరికరం పూర్తి అడ్రస్ కట్టుకుంటుంది. ఈ పద్ధతి పేరు స్లాక్. విండోస్‌లో డీఫాల్ట్ గేట్‌వే ఎఫ్‌ఈ80::1 అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, రూటర్ తన లింక్-లోకల్ అడ్రస్‌తోనే పరిచయం చేసుకుంటుంది. అయితే దానికి పింగ్ కొట్టాలంటే ఏ నెట్‌వర్క్ కార్డ్ మీదుగానో చెప్పాలి, ఎఫ్‌ఈ80::1%12 అన్నట్టు.

మొదట్లో కుడి సగాన్ని మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డ్‌కు ఫ్యాక్టరీలో వేసే నంబర్) నుంచి తయారుచేసేవారు. 48 బిట్ల మ్యాక్ మధ్యలో ఎఫ్‌ఎఫ్ఎఫ్‌ఈ చొప్పించి, ఎడమ నుంచి ఏడో బిట్ తిప్పేస్తారు. 00:11:22:33:44:55 అన్న మ్యాక్ కాస్తా 0211:22ఎఫ్‌ఎఫ్:ఎఫ్‌ఈ33:4455 అవుతుంది. దీంతో వచ్చిన చిక్కేమిటంటే ఫోన్ సీతమ్మధారలో ఉన్నా ఢిల్లీలో ఉన్నా కుడి సగం మారదు. వెబ్‌సైట్లు మనిషిని వెంటాడొచ్చు. ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు యాదృచ్ఛిక అంకెలు వాడతాయి. బయటికి వెళ్లే పనులకు తాత్కాలిక అడ్రస్ ఒకటి పెట్టుకుని, మామూలుగా ఒక రోజుకు మార్చేస్తాయి. ఒకే లాప్‌టాప్‌కు నాలుగైదు ఐపీవీ6 అడ్రస్‌లు ఉండటం అందుకే.

కాలేజీల్లో, హాస్టళ్లలో ఒక పొరపాటు పదే పదే జరుగుతుంది. ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చామో రికార్డ్ ఉండాలని స్లాక్ ఆపేసి డీహెచ్‌సీపీవీ6 (అడ్రస్‌లను సర్వరే పంచే పద్ధతి) ఒక్కటే పెడతారు. విండోస్‌కు అడ్రస్ వస్తుంది, ఐఫోన్‌కు వస్తుంది, ఆండ్రాయిడ్‌కు రాదు. ఆండ్రాయిడ్ డీహెచ్‌సీపీవీ6 నుంచి విడి అడ్రస్ తీసుకోదు. అది గూగుల్ కావాలని తీసుకున్న నిర్ణయం. వైఫై యాక్సెస్ పాయింట్లు మార్చి లాభం లేదు. రూటర్ ప్రకటనలో స్లాక్‌కు అనుమతిచ్చే ‘ఏ’ ఫ్లాగ్ ఆన్ చేయాలి. ఎవరు ఏ అడ్రస్ వాడారన్న రికార్డ్‌ను రూటర్‌లోని నైబర్ టేబుల్ (ఏ అడ్రస్ ఏ పరికరానిదో చూపే జాబితా) నుంచి తీసుకోవచ్చు.

మొదట్లో చెప్పిన 192.0.0.4 సంగతీ ఇక్కడే. ఆ నంబర్ కనిపిస్తే మొబైల్ నెట్‌వర్క్ ఆ ఫోన్‌కు నిజానికి ఐపీవీ6 ఒక్కటే ఇచ్చిందని అర్థం. పాత యాప్‌లు ఐపీవీ4 కావాలంటాయి కాబట్టి ఫోనే ఒక ఉత్తుత్తి ఐపీవీ4 నంబర్ పెట్టుకుని, లోపల ప్యాకెట్లను ఐపీవీ6లోకి మార్చి పంపుతుంది. అవతల కంపెనీ గేట్‌వే వాటిని మళ్లీ ఐపీవీ4గా మారుస్తుంది. ఐపీవీ4 మాత్రమే ఉన్న సర్వర్‌ను చేరడానికి దాని అడ్రస్‌ను ఐపీవీ6 చివరి 32 బిట్లలో ఇరికిస్తారు: 8.8.8.8 అన్నది 64:ఎఫ్‌ఎఫ్9బీ::808:808 అవుతుంది. ఆండ్రాయిడ్‌లో ఈ సదుపాయం 2013 నుంచి ఉంది.

ఇంట్లో తేడా కొట్టే చోట్లు

అన్నిటికన్నా సతాయించేది, ‘కొన్ని సైట్లు వస్తాయి, కొన్ని తిరుగుతూనే ఉంటాయి’ అన్న ఫిర్యాదు. ఫైబర్ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పీపీపీఓఈ అనే లాగిన్ పద్ధతిలో నడిచే ఇళ్లలో ఇది ఎక్కువ. మామూలు ప్యాకెట్ గరిష్ఠం 1500 బైట్లు. పీపీపీఓఈ తన వాటా 8 తీసుకుంటే 1492 మిగులుతాయి. ఐపీవీ4లో దారిలో ఉన్న రూటర్ పెద్ద ప్యాకెట్‌ను ముక్కలు చేసి పంపగలదు. ఐపీవీ6లో దారి రూటర్లు ముక్కలు చేయవు. ‘ప్యాకెట్ పెద్దదైంది, తగ్గించి పంపు’ అని ఐసీఎంపీవీ6 (నెట్‌వర్క్ లోపాలు తెలిపే పద్ధతి) సందేశం వెనక్కి పంపి ఊరుకుంటాయి. పాత అలవాటుతో ఎవరో ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ మొత్తం మూసేసి ఉంటే ఆ సందేశం చేరదు. సర్వర్ అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతుంది, అది మళ్లీ మళ్లీ పోతుంది.

దీన్ని కనిపెట్టడం ఎందుకు కష్టమంటే, బ్రౌజర్లు ఐపీవీ6 ముందు ప్రయత్నించి, పావు సెకను లోపు కనెక్షన్ కలవకపోతే ఐపీవీ4 కూడా మొదలుపెడతాయి. మామూలు లోపాలను ఈ ఏర్పాటు కప్పేస్తుంది. ఇక్కడ మాత్రం కనెక్షన్ కలిపే మొదటి ప్యాకెట్లు చిన్నవి, హాయిగా వెళ్లిపోతాయి. ఐపీవీ6 బాగానే ఉందని బ్రౌజర్ నిశ్చింతగా ఉంటుంది. తీరా అసలు పేజీ రావాల్సినప్పుడు ఆగిపోతుంది. మందు: రూటర్‌లో ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (ప్యాకెట్‌లో డేటా పరిమాణానికి ముందే హద్దు పెట్టడం) ఆన్ చేయాలి, ఐపీవీ6కు విలువ 1432 (1492లో హెడర్లకు పోయే 60 తీసేస్తే). చాలా రూటర్లలో ఐపీవీ4కు 1452 పెట్టి వదిలేస్తారు. ఆ 20 బైట్ల తేడా సరిపోతుంది కొంప ముంచడానికి. ఫైర్‌వాల్ మీ చేతిలో ఉంటే ఐసీఎంపీవీ6 టైప్ 2ను ఎప్పుడూ ఆపకండి.

రెండోది కరెంటుతో వచ్చే చిక్కు. కరెంటు పోయి వస్తుంది. రూటర్ ఆగి మొదలవుతుంది. కంపెనీ ఈసారి కొత్త ప్రిఫిక్స్ ఇస్తుంది. లాప్‌టాప్ బ్యాటరీ మీదే నడుస్తోంది కాబట్టి దానికి ఈ గొడవ తెలియదు, పాత ప్రిఫిక్స్‌తోనే ప్యాకెట్లు పంపుతుంది. వాటికి జవాబులు ఎక్కడికో పోతాయి. రూటర్ ప్రకటనలో ప్రిఫిక్స్‌కు డీఫాల్ట్ గడువు 30 రోజులు, అందులో మొదటి ఎంపికగా వాడేది 7 రోజులు. అంటే పాత అడ్రస్ తనంతట తాను పోవాలంటే చాలా కాలం ఆగాలి. అప్పటికప్పుడు పని జరగాలంటే పరికరంలో వైఫై ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలు. శాశ్వతంగా కావాలంటే రూటర్‌లో ఆ గడువులు తగ్గించాలి. ఇంటి రూటర్లకు 2021లో వచ్చిన సిఫారసు ప్రకారం మొత్తం గడువు 5,400 సెకన్లు, మొదటి ఎంపికగా వాడేది 2,700 సెకన్లు మించకూడదు. రూటర్‌ను, ఫైబర్ బాక్స్‌ను ఇన్వర్టర్ మీదకు మార్చడం ఇంకా తేలిక. కంపెనీ స్థిరమైన ప్రిఫిక్స్ ఇస్తే ఈ బాధే ఉండదు.

మూడోది, బాక్స్ వెనక ఇంకో రూటర్. కంపెనీ బాక్స్ హాల్లో ఉంటుంది, లోపలి గదికి సిగ్నల్ అందదని దాబా గార్డెన్స్‌లో ఒక రూటర్ కొనుక్కొచ్చి తగిలిస్తారు. బాక్స్‌కు వచ్చింది ఒక్క /64 అయితే రెండో రూటర్‌కు పంచడానికి ఏమీ మిగలదు. దాని కింద ఉన్న పరికరాలకు ఐపీవీ6 రాదు. రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్ (వైఫై మాత్రమే ఇచ్చే) మోడ్‌లో పెట్టడం సులువైన దారి. కంపెనీ వాళ్లతో బాక్స్‌ను బ్రిడ్జ్ (రూటర్ పని మానేసి లైన్‌ను మాత్రమే దాటించే) మోడ్‌లోకి మార్పించి, మన రూటర్‌లో ప్రిఫిక్స్ డెలిగేషన్ (కంపెనీ నుంచి నేరుగా ప్రిఫిక్స్ తీసుకోవడం) అడిగించడం మెరుగైన దారి. అక్కడ అడిగే ప్రిఫిక్స్ పొడవు 56 అని వేసి చూడండి, ఒప్పుకోకపోతే 60.

గాజువాకలో షాపుకు కెమెరాలు పెట్టించి ఇంటి నుంచి చూడాలనుకునేవారికి ఐపీవీ6 నిజంగా పనికొచ్చేది ఇక్కడే. సీజీనాట్ వెనక పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని లోపలి పరికరానికి మళ్లించడం) ఎన్నిసార్లు చేసినా ఫలితముండదు, ఎందుకంటే ఆ పబ్లిక్ అడ్రస్ మీ రూటర్‌ది కాదు. ఐపీవీ6లో ఫార్వర్డింగ్ అన్న మాటే లేదు. డీవీఆర్‌కు (కెమెరాల రికార్డర్‌కు) సొంత అడ్రస్ ఉంటుంది, దానికి ఫైర్‌వాల్‌లో తలుపు తెరవాలి అంతే. ముందుగా డీవీఆర్ నెట్‌వర్క్ మెనూలో ఐపీవీ6 ఉందో లేదో చూడాలి, పాతవాటిలో ఉండదు. ఉంటే కుడి సగాన్ని స్థిరంగా ఉంచాలి. రూటర్ ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క అడ్రస్‌కు, ఆ ఒక్క పోర్ట్‌కు మాత్రమే అనుమతి రాయాలి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేస్తే షాపులోని ప్రతి పరికరమూ వీధిలో పడ్డట్టే. ప్రిఫిక్స్ మారుతుంటుంది కాబట్టి డైనమిక్ డీఎన్ఎస్‌లో ఏఏఏఏ రికార్డ్ (పేరుకు ఐపీవీ6 అడ్రస్‌ను జతచేసేది) పెట్టాలి. చూడబోయే ఫోన్‌కూ ఐపీవీ6 ఉండాలి. మొబైల్ డేటాలో సాధారణంగా ఉంటుంది. ఇంకా జాగ్రత్తపరులైతే డీవీఆర్‌ను అసలు బయటపెట్టకుండా రూటర్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకుని, దాని యూడీపీ పోర్ట్ 51820 ఒక్కటే తెరుస్తారు. డీవీఆర్‌ల ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల సంగతి తెలిసినవారు రెండోదే ఎంచుకుంటారు.

అడ్రస్‌లు కోట్లకు కోట్లు కాబట్టి ఎవరూ కనిపెట్టలేరన్న ధీమా సగమే నిజం. ఒక /64లో 2 ఘాతం 64 అడ్రస్‌లుంటాయి; సెకనుకు పది లక్షల చొప్పున వెతికినా 5.8 లక్షల ఏళ్లు పడుతుంది. కానీ ఆ డీవీఆర్‌కు ఎవరో సులువుగా గుర్తుంటుందని ::100 అని పెడతారు. వెతికేవాడు మొదట చూసేది అలాంటివే.

సాఫ్ట్‌వేర్ రాసేవారి వైపు

రుషికొండ, మధురవాడల్లో వెబ్ అప్లికేషన్లు రాసే ఆఫీసుల్లో సమస్య వేరే రూపంలో వస్తుంది. డేటాబేస్‌లో ఐపీ కాలమ్‌కు 15 అక్షరాలు కేటాయించి ఉంటారు, ఐపీవీ4కు అంతకు మించి అక్కర్లేదు కాబట్టి. ఐపీవీ6 వచ్చేసరికి కొన్ని డేటాబేస్‌లు ఎర్రర్ ఇస్తాయి, కొన్ని నిశ్శబ్దంగా తోక కత్తిరించేస్తాయి. రెండోదే ప్రమాదం. పూర్తి ఐపీవీ6కు 39 అక్షరాలు, చివర్లో ఐపీవీ4 రూపం కలిసిన అడ్రస్‌లకు 45 కావాలి. అక్షరాలుగా కాక 16 బైట్ల బైనరీగా దాస్తే కుదింపు రూపాల గొడవ తప్పుతుంది, పోల్చడం కూడా వేగం.

తప్పుడు లాగిన్‌లు చేసేవాణ్ని ఒక్క ఐపీవీ6 అడ్రస్‌తో బ్లాక్ చేయడం వృథా; వాడు మరుక్షణం ఇంకొకటి తయారు చేసుకుంటాడు. లెక్క /64 మీద పెట్టాలి, ఆగకపోతే /56 మీద. ఐపీవీ4 దగ్గర జాగ్రత్త తిరగబడుతుంది: సీజీనాట్ అడ్రస్ ఒకటి బ్లాక్ చేస్తే దానితోపాటు అక్కయ్యపాలెంలో ఏ పాపం ఎరగని ఇళ్లు ఎన్నో ఆగిపోతాయి.

లాగ్‌లోనూ అంతే. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. కానీ ఐపీవీ4 అడ్రస్, తేదీ మాత్రమే ఉన్న లాగ్ సీజీనాట్ రోజుల్లో ఎవరినీ పట్టించలేదు. సోర్స్ పోర్ట్ నంబర్, సెకను వరకు సమయం రెండూ ఉంటేనే నెట్ కంపెనీ తన రికార్డుల్లో కనెక్షన్ ఎవరిదో వెతకగలదు. ఆ సమయం ఐఎస్‌టీలో రాసిందా యూటీసీలో రాసిందా అన్నదీ లాగ్‌లోనే స్పష్టంగా ఉండాలి. ఐదున్నర గంటలు అటూ ఇటూ అయితే ఆ పోర్ట్ ఈలోపు మరో ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది.